పార్కిన్సన్స్ మందు మధ్యాహ్నం ఎక్కదు, రాత్రి ఆన్‌లైన్ ఆర్డర్లు ఆగవు: ఇది జబ్బా, మందా, మనిషి తీరా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మా మావయ్యగారికి 67 ఏళ్లు, 62 కిలోలు. పార్కిన్సన్స్ అని తేలి ఐదేళ్లు దాటింది. ఇప్పుడు లెవోడోపా-కార్బిడోపా 110 బిళ్ల నాలుగు పూటలా వేస్తున్నాం. ఉదయం 8కి టిఫినుతో, మధ్యాహ్నం 1కి భోజనం అయ్యాక, సాయంత్రం 5కి, రాత్రి 9కి. దాంతోపాటు ప్రామిపెక్సోల్ 1 మి.గ్రా. రోజుకు మూడు. ఇది కిందటేడు మొదలుపెట్టి, బిగుతు తగ్గడం లేదని మెల్లమెల్లగా పెంచుకుంటూ వచ్చారు. ఇవి కాక రక్తం తక్కువుందని టిఫిన్ అయ్యాక ఐరన్ బిళ్ల, కడుపుబ్బరం, వికారం ఉన్నాయని పరగడుపున ఒక గ్యాస్ క్యాప్సూల్.

ఇబ్బందులు రెండు రకాలుగా ఉన్నాయి. మొదటిది ఒంటికి సంబంధించింది. ఉదయం 11 దాటేసరికి బిగుసుకుపోతారు. మధ్యాహ్నం బిళ్ల చాలా రోజులు వేసుకోనట్టే ఉంటుంది. సాయంత్రం 5 గంటల బిళ్ల మాత్రం అరగంటలో ఎక్కుతుంది. వంటింటి గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. అదే మనిషి మేడమెట్లు చకచకా ఎక్కేస్తారు. దాంతో ఇంటికొచ్చినవాళ్లు కావాలనే చేస్తున్నారని అంటున్నారు. టిఫిన్ ఎక్కువగా పెసరట్టు, గ్లాసుడు పాలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు.

రెండోది ప్రవర్తన. రూపాయి ఖర్చు పెట్టాలంటే పదిసార్లు ఆలోచించే మనిషి, రాత్రిపూట ఫోన్‌లో టార్చిలైట్లు, స్క్రూడ్రైవర్ సెట్లు ఒకదాని మీద ఒకటి ఆర్డర్ పెడుతున్నారు. పేకాట యాప్‌లో డబ్బు పోగొట్టుకున్నారని బ్యాంకు మెసేజీల్లో చూశాం. పాత రేడియో విప్పి, మరలన్నీ వరసగా పేర్చి, బిగించి, మళ్లీ విప్పుతూ కూర్చుంటారు. అడిగితే కోపం వస్తుంది. మా ఆయన, అత్తయ్యగారు "ఈ వయసులో ఇదేం బుద్ధి" అని బాధపడుతున్నారు.

ఇదంతా ఒకే సమస్యా, వేర్వేరా? డాక్టరుగారి దగ్గరికి వెళ్లేలోపు మేం ఏం గమనించి రాసిపెట్టుకోవాలి?

నాడీతంతు:

ముందు ఒంటి సంగతి చెప్తాను. ఎందుకంటే మీరు రాసిన టైముల్లోనే సగం జవాబు ఉంది.

మెదడు అడుగున నల్లగా కనిపించే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు ఉంటాయి. వాటి తీగలు పైనున్న స్ట్రయేటమ్ అనే భాగంలోకి వెళ్లి అక్కడ డోపమైన్ వదులుతాయి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. వణుకు, బిగుతు బయటపడే నాటికే వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి. డోపమైన్‌నే బిళ్లగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి దాటదు. అందుకే దాని ముందు రూపమైన లెవోడోపా ఇస్తారు.

జబ్బు మొదటి ఏళ్లలో మిగిలి ఉన్న నాడీ కొసలు లెవోడోపాను తీసుకుని, డోపమైన్‌గా మార్చి, దాచుకుని, అవసరాన్ని బట్టి వదులుతాయి. కాబట్టి రోజుకు మూడు బిళ్లలతోనే రోజంతా సాఫీగా సాగుతుంది. ఐదారేళ్లకు దాచుకునే కొసలు బాగా తగ్గిపోతాయి. ఇక రక్తంలో మందు ఎంతుంటే ఒంట్లో కదలిక అంతే. కార్బిడోపాతో కలిపి ఇచ్చినా రక్తంలో లెవోడోపా సగానికి పడిపోవడానికి గంటన్నర చాలు. ఉదయం 8కి వేసింది 11కి దిగిపోవడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. తర్వాతి బిళ్ల 1కి. అంటే మధ్యలో రెండు గంటలు ఆయన మందు లేకుండానే ఉంటున్నారు.

ఇక మధ్యాహ్నం బిళ్ల ఎందుకు ఎక్కదు? లెవోడోపా కడుపులో పీల్చుకోబడదు, చిన్నపేగు మొదటి భాగంలో పీల్చుకోబడుతుంది. భోజనం మీద వేసిన బిళ్ల అన్నంతో పాటు కడుపులోనే కూర్చుంటుంది. పార్కిన్సన్స్‌లో కడుపు ఖాళీ అయ్యే వేగం మామూలుగానే తక్కువ. ఎలాగో పేగుకు చేరినా అక్కడ రెండో ఇబ్బంది ఉంది. లెవోడోపా రసాయనికంగా ఒక అమైనో ఆమ్లం. పప్పు, పాలు, మాంసం అరిగి వచ్చే ల్యూసిన్, వాలిన్, ఫినైల్ఎలనిన్ లాంటివి ఏ వాహక ప్రోటీన్ల మీద ఎక్కి పేగు గోడ దాటతాయో, లెవోడోపా కూడా వాటి మీదే ఎక్కాలి. మెదడు సరిహద్దు దగ్గర మళ్లీ అదే పోటీ. పప్పన్నం తిన్న గంటకు రక్తంలో అమైనో ఆమ్లాలు నిండా ఉంటాయి, లెవోడోపాకు చోటు దొరకదు. సాయంత్రం 5కి కడుపు ఖాళీ, రక్తంలో పోటీ తక్కువ. అందుకే అరగంటలో ఎక్కుతోంది.

మీ టిఫిన్ లెక్క చూడండి. రెండు పెసరట్లకు సుమారు 60 గ్రాముల పెసలు పడతాయి, అంటే 14 గ్రాముల దాకా ప్రోటీన్. 200 మి.లీ. పాలలో మరో 6, 7 గ్రాములు. ఇరవై గ్రాముల ప్రోటీన్ మీద బిళ్ల వేస్తున్నారన్నమాట. మూడు చిన్న ఇడ్లీలు, అల్లం పచ్చడి అయితే ఇందులో మూడో వంతు కూడా ఉండదు.

డోసు ముట్టుకోకుండా టైములు మాత్రం మార్చొచ్చేమో డాక్టరుగారిని అడగండి. ఉదయం 7కి బిళ్ల, 7:45కి టిఫిన్. 11కి బిళ్ల, 12:30కి భోజనం. మధ్యాహ్నం 3కి బిళ్ల. రాత్రి 7కి బిళ్ల, 8కి భోజనం. ఇలా అయితే నాలుగు బిళ్లలూ కాస్త ఖాళీ కడుపు మీదే పడతాయి, ఎడం కూడా నాలుగు గంటలు దాటదు. రాత్రి పక్క మీద తిరగలేకపోతే పడుకునే ముందు ఐదో బిళ్ల కావాలా అన్నది డాక్టరుగారు చెప్పాలి. ప్రతి బిళ్లా నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని లేదా నిలబడి వేసుకోవాలి. రెండు గుక్కలతో మింగి పడుకుంటే అది అన్నవాహికలోనో కడుపులోనో చాలాసేపు ఉండిపోతుంది. పరగడుపున వికారం వస్తే గుప్పెడు మరమరాలు తినొచ్చు. వాటిలో ప్రోటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. మలబద్ధకం ఉంటే దాన్ని కూడా చిన్న విషయంగా తీసుకోవద్దు. పేగులు మందగిస్తే మందు కూడా మందగిస్తుంది.

కొన్ని చోట్ల పగలంతా 10 గ్రాముల లోపు ప్రోటీన్ తిని మిగతాది రాత్రికి మార్చమని రాస్తుంటారు. మన తిండికి అది కష్టం. 100 గ్రాముల బియ్యంలోనే 7, 8 గ్రాములు ఉంటుంది. పైగా 62 కిలోల మనిషికి రోజుకు కనీసం 50 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఈ వయసులో ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. ముందు బిళ్లకూ తిండికీ ఎడం పెట్టి చూడండి, చాలామందికి అదే సరిపోతుంది. పప్పు మానేయకండి.

మందులచీటీ:

పై జవాబుతో ఏకీభవిస్తూ, మీ మందుల పట్టికలో కనిపించినవి మూడు చెప్తాను.

మొదటిది ఐరన్. ఇనుము లెవోడోపాను పట్టేసుకుని పీల్చుకోనివ్వదు. టిఫిన్ అయ్యాక వేసే ఐరన్ ఉదయం బిళ్లను నేరుగా దెబ్బతీస్తుంది. లెవోడోపాకు ముందూ వెనకా కనీసం రెండు గంటలు ఎడం కావాలి. పైన చెప్పిన టైములు పాటిస్తే, పడుకునే ముందు ఐదో బిళ్ల లేకపోతే, రాత్రి 9:30కి ఐరన్ సరిపోతుంది. మల్టీవిటమిన్ బిళ్లల్లో కూడా ఇనుము ఉంటుంది, పెట్టె మీద చూడండి.

రెండోది ఆ 110 అనే అంకె. అంటే 100 మి.గ్రా. లెవోడోపా, 10 మి.గ్రా. కార్బిడోపా. 125 అంటే 100కి 25. కార్బిడోపా పని ఏమిటంటే, లెవోడోపా మెదడుకు చేరకముందే పేగులోనూ రక్తంలోనూ డోపమైన్‌గా మారిపోకుండా ఆపడం. అందుకు రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. దాకా కావాలి. మీ మావయ్యగారికి అందుతున్నది 40. ఆ లోటు మేరకు లెవోడోపా మెదడు బయటే డోపమైన్ అవుతుంది. మెదడులో వాంతి కేంద్రం దగ్గర రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ పలచగా ఉంటుంది. అక్కడ ఆ డోపమైన్ తగిలి వికారం, తిప్పడం వస్తాయి. అదే డోపమైన్ కడుపు కదలికను కూడా మందగింపజేస్తుంది. నాలుగు 110ల బదులు నాలుగు 125లు అయితే లెవోడోపా అంతే ఉంటుంది, కార్బిడోపా 100కి చేరుతుంది. ఇది మీరుగా మార్చేది కాదు. మెదడుకు చేరే భాగం పెరుగుతుంది కాబట్టి ఒళ్లు మెలికలు తిరగడం లాంటి అదనపు కదలికలు వస్తాయేమో డాక్టరుగారే చూసుకోవాలి. కానీ అడగండి.

మూడోదే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఆ గ్యాస్ క్యాప్సూల్‌లో ఏముంది? అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూసి రాయగలరా?

గోదారిగట్టు:

చూశానండీ. రాబెప్రజోల్ 20, లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా. అని ఉంది. ఇక్కడ దగ్గర్లో ఒక క్లినిక్‌లో రాసిచ్చారు. ఏడాదిన్నర నుంచి వాడుతున్నాం. నరాల డాక్టరుగారికి గ్యాస్ మందు అని చెప్పామే గానీ పేరు చెప్పలేదు.

ఇంకొకటి. ఊళ్లో ఒకాయన దూలగొండి గింజల పొడి రోజూ చెంచా పాలల్లో ఇవ్వమంటున్నారు, పార్కిన్సన్స్‌కు అదే అసలు మందని. ఇవ్వొచ్చా?

మందులచీటీ:

అనుకున్నదే అయింది. లెవోసల్పిరైడ్ డోపమైన్ వచ్చి అతుక్కునే డి2 గ్రాహకాలను మూసేస్తుంది. కడుపు దగ్గర మూస్తే కడుపు చురుగ్గా ఖాళీ అవుతుంది, అందుకోసమే గ్యాస్ మందుల్లో కలుపుతారు. కానీ అది మెదడులోకి కూడా చేరుతుంది. స్ట్రయేటమ్‌లో అవే గ్రాహకాలను మూస్తుంది. పార్కిన్సన్స్ లేనివాళ్లకే దీనివల్ల వణుకు, బిగుతు వస్తుంటాయి. ఉన్నవాళ్లకు ఇస్తే ఒక చేత్తో పెట్టిన డోపమైన్‌ను రెండో చేత్తో లాగేసుకోవడమే.

మీ ఇంట్లో జరిగిన వరస బహుశా ఇది. కార్బిడోపా తక్కువై వికారం, ఉబ్బరం. దానికి లెవోసల్పిరైడ్. దానివల్ల బిగుతు పెరిగింది. జబ్బు ముదురుతోందనుకుని ప్రామిపెక్సోల్ పెంచారు. అక్కడి నుంచి మొదలైనదాని గురించి ఇక్కడ నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఉన్నారు. క్యాప్సూల్ ఆపే మాట ఈ రోజే డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆపాక గ్రాహకాలు తేరుకోవడానికి వారాలు పట్టొచ్చు, కొందరికి నెలలు. రెండు రోజుల్లో తేడా లేదని నిరాశ పడకండి.

వాంతికి వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ కూడా ఇదే కోవ. కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే సిన్నరిజైన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లునరిజైన్ కూడా డోపమైన్‌కు అడ్డు తగులుతాయి. డోంపెరిడోన్ చాలావరకు మెదడులోకి వెళ్లదు కాబట్టి వికారానికి సాధారణంగా అదే ఎంచుకుంటారు, 10 మి.గ్రా. చొప్పున. గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు మాత్రం ముందు ఈసీజీ తీసి చూడాలి. ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన జేబులో ఉంచండి. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు వాంతి ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లకు అది చూపించాలి.

డోపమైన్ ఆగిపోతే కదలిక ఆగిపోతుందని లోకానికి తెలిసింది కూడా ఇలాంటి ఒక మందు వల్లే. మన సర్పగంధి వేరు నుంచి తీసిన రెసర్పిన్ నాడీ కొసల్లో దాచిన డోపమైన్‌ను ఖాళీ చేస్తుంది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రెసర్పిన్ ఇస్తే అవి చతికిలబడిపోయాయి. తర్వాత లెవోడోపా ఇస్తే లేచి తిరిగాయి. ఆ దారిలో చేసిన పనికే ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది.

మెదడుమాట:

అమ్మా, ఆ ఆర్డర్లు, పేకాట, రేడియో విప్పడం గురించి ముందుగా ఒక మాట. ఇది ఆయన బుద్ధి మారడం కాదు. ప్రామిపెక్సోల్ పెట్టెలోని కాగితం మీదే ఉన్న దుష్ప్రభావం ఇది. అత్తయ్యగారికీ మీవారికీ ఈ సంగతి మొదట చెప్పండి.

డోపమైన్ స్ట్రయేటమ్ అంతటా ఒకేలా తగ్గదు. కదలికను నడిపే పై భాగం, ముఖ్యంగా పుటామెన్, ముందుగా, ఎక్కువగా ఎండిపోతుంది. కోరిక, ఆశ, బహుమతి లెక్కలు చూసే కింది భాగానికి డోపమైన్ వేరే కణాల గుంపు నుంచి వస్తుంది. ఆ గుంపు చాలాకాలం మెరుగ్గానే ఉంటుంది. పై భాగానికి చాలీచాలని డోసు కింది భాగానికి ఎక్కువైపోతుంది. పైగా ప్రామిపెక్సోల్ ఎక్కువగా అతుక్కునేది డి3 అనే మరో రకం డోపమైన్ గ్రాహకాలకు, అవి గుమిగూడి ఉండేది ఆ కింది భాగంలోనే.

ఎక్కువైతే ఖర్చు ఎందుకు పెరుగుతుంది, పోయినా ఎందుకు ఆగరు? వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమైన్ కణాల సంకేతాలు ఒక్కొక్కటిగా రికార్డు చేశారు. అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే కణం గబగబా మోగుతుంది. వస్తుందనుకున్న చుక్క రాకపోతే, రావాల్సిన ఆ క్షణానికే కణం కాసేపు మౌనం పాటిస్తుంది. ఆ మౌనమే "ఈ దారి లాభం లేదు" అని మెదడు నేర్చుకునే పాఠం. లెవోడోపా మట్టం రక్తంలో పడుతూ లేస్తూ ఉంటుంది. ప్రామిపెక్సోల్ అలా కాదు. అది డోపమైన్ బదులు తానే నేరుగా గ్రాహకం మీద కూర్చుంటుంది, పెద్ద వయసులో సగం తగ్గడానికి 12 గంటల దాకా పడుతుంది. కణం మౌనంగా ఉన్నా గ్రాహకానికి మోత వినిపిస్తూనే ఉంటుంది. పేకలో గెలిస్తే తెలుస్తుంది, ఓడితే ఆ చురుకు లోపలికి దిగదు. 2004లో మైఖేల్ ఫ్రాంక్ బృందం చేసిన పరీక్షల్లో ఇది కళ్లకు కట్టింది. మందు మీద ఉన్న పార్కిన్సన్స్ రోగులు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, మందు లేని వేళ ఓటముల నుంచి బాగా నేర్చుకున్నారు.

ఇది అరుదు కూడా కాదు. 2010లో వెలువడిన డొమినియన్ అధ్యయనంలో 3,090 మందిని చూశారు. ప్రామిపెక్సోల్ లాంటి మందులు వాడుతున్నవాళ్లలో 17 శాతం మందికి జూదం, కొనుగోళ్లు, అతిగా తినడం, లైంగిక వాంఛ అదుపు తప్పడం, వీటిలో ఏదో ఒకటి ఉంది. వాడనివాళ్లలో అది 7 శాతం దగ్గర. రేడియో విప్పి మరలు పేర్చడాన్ని వేరుగా గుర్తిస్తారు. ఏ ప్రయోజనమూ లేని పనిలో గంటలు మునిగిపోవడం అది. లెవోడోపా ఎక్కువైనా రావొచ్చు. అది మానమని గొడవ పడితే చిరాకు పెరుగుతుందే గానీ ఆగదు.

చేయాల్సినవి చెప్తాను. ప్రామిపెక్సోల్ మీరుగా ఆపొద్దు. ఒక్కసారిగా ఆపితే బిగుతు సరే, ఆందోళన, చెమటలు, దిగులు, మందు కావాలన్న తహతహ పట్టుకుంటాయి. అవి లెవోడోపా పెంచినా లొంగవు. డాక్టరుగారు వారాల మీద మెట్లు మెట్లుగా దించుతారు. లెక్క కోసం చెప్తున్నా, ప్రామిపెక్సోల్ 1 మి.గ్రా. బలం సుమారు 100 మి.గ్రా. లెవోడోపాతో సమానం. అంటే ఆయన రోజుకు తీసుకునే 3 మి.గ్రా. తీసేస్తే దాదాపు 300 మి.గ్రా. లెవోడోపాకు సరిపడా లోటు పడుతుంది. కానీ అంతా పూడ్చాల్సిన పని ఉండకపోవచ్చు. లెవోసల్పిరైడ్ ఆగి, బిళ్లలు ఖాళీ కడుపున పడి, కార్బిడోపా సరిపడితే ఇప్పుడున్న లెవోడోపాయే ఇంకా బాగా పనిచేసే అవకాశం ఉంది. వరస ముఖ్యం. అన్నీ ఒకే వారంలో మార్చితే ఏది దేనివల్లో ఎవరికీ తెలియదు.

డోసు తగ్గాక ఈ కోరికలు చాలామందిలో వారాల నుంచి నెలల్లో సద్దుమణుగుతాయి. అప్పటిదాకా డబ్బుకు కంచె కావాలి. ఆయన పొద్దున మందు ఎక్కి నెమ్మదిగా ఉన్న వేళ, ఆయన ఒప్పుకోలుతోనే చేయండి. బ్యాంకు యాప్‌లో రోజువారీ యూపీఐ పరిమితి తగ్గించడం, షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు తీసేయడం, డిపాజిట్లు విరగ్గొట్టాలంటే ఇద్దరి సంతకం ఉండేలా మార్చడం. చిన్న మొత్తం ఆయన చేతిలో ఉండనివ్వండి.

చెప్పడానికి ఇబ్బందైనా ఒకటి చెప్పాలి. లైంగిక ప్రవర్తనలో మార్పు ఉందేమో ఎవరూ అడగరు, ఇంట్లో ఎవరూ చెప్పరు. అత్తయ్యగారు డాక్టరుగారితో ఒంటరిగా నాలుగు మాటలు మాట్లాడే వీలు కల్పించండి. ఆయన పగలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి నిద్రలోకి జారుతున్నారా కూడా గమనించండి. ఈ మందుతో అది జరుగుతుంది. అలా ఉంటే బండి నడపకూడదు.

అడుగుజాడ:

గడప దగ్గర ఆగిపోయి మెట్లు ఎక్కేయడం నటన కాదండీ. అలవాటుగా, ఆలోచించకుండా వేసే అడుగును స్ట్రయేటమ్‌తో కూడిన బేసల్ గ్యాంగ్లియా అనే మెదడు లోపలి భాగాలు నడుపుతాయి, దెబ్బతిన్నది అవే. కంటికి ఎదురుగా ఒక గుర్తు ఉండి, దాన్ని చూసి వేసే అడుగు మెదడులో వేరే దారిన వెళ్తుంది, అది ఇంకా బాగానే ఉంది. ప్రతి మెట్టూ అలాంటి గుర్తే. ఇరుకు ద్వారం, మలుపు, తొందర, ఎవరో పిలవడం, ఇవన్నీ కాళ్లను కట్టేస్తాయి.

వంటింటి గడపకు ఇటు ఒక మీటరు, అటు ఒక మీటరు నేల మీద అడ్డగీతలుగా టేపు అంటించండి. వెడల్పు రెండు అంగుళాలు, గీతకూ గీతకూ 45 సెంటీమీటర్లు. ఆయన మంచి వేళలో నడిచే అడుగు కొలిచి అంతే ఎడం పెడితే ఇంకా మంచిది. తెల్ల టైల్స్ మీద తెల్ల టేపు పనికిరాదు, రంగు కొట్టొచ్చినట్టు కనబడాలి. నిలువు గీతలు కూడా పనిచేయవు, నడిచే దారికి అడ్డంగానే ఉండాలి. గీత మీద కాకుండా గీత దాటి అడుగు వేయమనండి. గడప ఎత్తుగా ఉంటే దాని పక్కనే చేతికందే పిడి బిగించండి. కాళ్లు తుడుచుకునే పట్టాలు, తడిగుడ్డలు అక్కడ వద్దు.

ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు. పైభాగం ముందుకు వస్తుంది, కాళ్లు రావు, ముఖం మీద పడతారు. ముందు పూర్తిగా ఆగమనండి, నిటారుగా నిలబడమనండి, బరువు ఎడమ కాలి మీదికి మార్చమనండి, అప్పుడు కుడి కాలు పెద్దగా ముందుకు. మీరు పక్కన నిలబడి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినా కాలు కదులుతుంది. వెనక్కి తిరగాలంటే నిలబడ్డ చోటే గిరుక్కున తిరగకుండా అర్ధచంద్రంలా చుట్టి రావాలి. రెండు చేతుల్లో సామాన్లతో, ఫోన్ మాట్లాడుతూ నడవడం ఇప్పుడు మానాలి.

నాడీతంతు:

దూలగొండి సంగతి మిగిలిపోయింది. దూలగొండి గింజలో నిజంగానే లెవోడోపా ఉంది, సాధారణంగా 4 నుంచి 6 శాతం. లండన్‌లో 8 మంది రోగులకు 15, 30 గ్రాముల పొడి ఇచ్చి చూసి, 2004లో ఫలితాలు ప్రచురించారు. 30 గ్రాముల పొడి మామూలు బిళ్ల కన్నా త్వరగా ఎక్కింది. కాబట్టి ఆ పెద్దాయన చెప్పింది ఉత్తమాట కాదు. చిక్కు వేరే చోట ఉంది. 5 గ్రాముల చెంచాలో 200 నుంచి 300 మి.గ్రా. లెవోడోపా ఉండొచ్చు, గింజను బట్టి మారుతుంది. మామూలుగా కార్బిడోపా లేకపోతే ఇందులో ఎక్కువ భాగం దారిలోనే పోతుంది. కానీ మీ మావయ్యగారి ఒంట్లో బిళ్లల కార్బిడోపా ఇప్పటికే ఉంది, కాబట్టి ఆ లెవోడోపాలో ఎక్కువ భాగం మెదడుకు చేరుతుంది. అంటే చెప్పాపెట్టకుండా రోజుకు రెండు మూడు బిళ్లలు కలిపినట్టు. ఇప్పటికే కోరికలు అదుపు తప్పిన మనిషికి అది అస్సలు వద్దు. పాలల్లో కలపడం మరీ వద్దు, ఎందుకో పైన రాశాను. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరుగారి దగ్గర దాచకండి.

రాసిపెట్టుకోవడం గురించి అడిగారు. మూడు రోజుల పాటు, అవి వరసగా ఉండక్కర్లేదు, ఉదయం లేచింది మొదలు పడుకునేదాకా ప్రతి అరగంటకూ ఒక గడి ఉన్న కాగితం గీయండి. గడిలో నాలుగింట్లో ఒకటే రాయాలి: నిద్ర, బిగుతు, బాగున్నారు, ఒళ్లు మెలికలు తిరుగుతోంది. పక్కన బిళ్ల వేసిన టైము, తిన్న టైము, ఏం తిన్నారు. ఉదయం ఒకసారి బీపీ పడుకోబెట్టి చూసి, లేచి నిలబడ్డ ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అదీ రాయండి. ఈ మందులు బీపీని దించుతాయి, పడిపోవడాలకు అదొక కారణం. బిగుసుకున్నప్పుడు ఒకటి, బాగున్నప్పుడు ఒకటి, అర నిమిషం వీడియో చాలు, కుర్చీలోంచి లేచి గడప దాటి తిరిగి వచ్చేలా. ఆర్డర్లు, యాప్ చెల్లింపుల తేదీలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. ప్రామిపెక్సోల్ డోసు పెంచిన తేదీలు పాత చీటీల్లో ఉంటాయి. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి తీసుకెళ్లండి. క్యాప్సూల్ అట్ట, ఐరన్ అట్ట కూడా సంచిలో వేసుకోండి, పేర్లు నోటితో చెప్పొద్దు.